మంచు మెత్తన, రాయి గట్టి. మరి హిమానీనదం కొండని ఎలా కోసింది?

#1 ఓరుగల్లు_పిలగాడు

అందరికీ నమస్తే. అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతున్నా, జాగ్రఫీ ఆప్షనల్. హిమానీనదాల చాప్టర్ బొమ్మలతో సహా నోటికొచ్చు. యు ఆకారపు లోయ, రోష్ మూటోనే (మంచు అరగదీసిన బండ), డ్రమ్లిన్ (మంచు కింద ఏర్పడే పొడుగాటి మట్టిగుట్ట), ఎస్కర్ (మంచు కింది నది వదిలిన ఇసుక కట్ట)... నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ అసలు విషయం మింగుడుపడట్లేదు.

మోస్ స్కేలు మీద మంచు కాఠిన్యం 1.5 దగ్గర ఉంటుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్‌ది 7. గోటితో గీస్తే గీత పడే పదార్థం కొండల్ని వందల మీటర్ల లోతున ఎలా తవ్వింది? పుస్తకంలో అబ్రేజన్ (రాపిడితో అరగడం), ప్లకింగ్ (ముక్కలుగా ఊడిరావడం) అని రెండు మాటలు రాసి వదిలేశారు.

ఇంకో డౌట్. ఇదంతా మంచు అడుగున జరుగుతుందంటారు. అక్కడికి దిగి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక అంతా ఊహేనా?

#2 పల్నాటి_పులి

బరువు తమ్ముడూ, బరువు. కిలోమీటరు మందం మంచు మీద కూర్చుంటే ఏ రాయైనా పిండే.

#3 శారద_జియాలజీ

పులి గారూ, బరువే కారణమైతే స్వీడన్ ఉత్తరాన, స్కాట్లాండ్ కెయిర్న్‌గార్మ్ కొండల మీద పాత రాతిగుట్టలు మిగిలి ఉండకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలు అవి. హిమయుగంలో వాటి మీద వందల మీటర్ల మందాన మంచు ఉంది. అయినా చెక్కుచెదరలేదు. అక్కడి మంచు అడుగు గడ్డకట్టి నేలకి అతుక్కుపోయింది. అతుక్కుపోయిన మంచు జారదు, జారకపోతే గీయదు. ఒక్కోచోట కింది నేలని తవ్వే బదులు కప్పి కాపాడుతుంది కూడా.

కాబట్టి ముందు మంచు అడుగున నీళ్ళుండాలి. పలచని పొరైనా చాలు. అప్పుడే మంచు బండ మీద జారుతుంది.

జారినా మంచు సొంతంగా రాయిని గీయలేదు. ఆ మాటలో పిలగాడి లెక్క కరెక్టే. గీసేది మంచు అడుగున ఇరుక్కున్న రాళ్ళు. క్వార్ట్జ్ ముక్క ఉన్న రాయి సున్నపురాయిని గీస్తుంది, గ్రానైట్‌ని కూడా గీస్తుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటి ఉంది. ఇరుక్కున్న రాయి కింది బండని ఎంత గట్టిగా నొక్కుతుందనేది పైనున్న మంచు మందం మీద నేరుగా ఆధారపడదు. రాయి చుట్టూ మంచు ఒరుసుకుంటూ కారుతుంది కాబట్టి ఒత్తిడి అన్నివైపులా పంచుకుపోతుంది. అడుగు మంచు ఎంత వేగంగా కరిగి ఆ రాయిని బండ వైపుకి దించుతోందన్నదే ముఖ్యం. అందుకే మందమైన మంచు కన్నా, బాగా జారుతూ అడుగున కరుగుతున్న మంచు ఎక్కువ గీస్తుంది.

ఇది అబ్రేజన్. దీనితో నునుపుదనం వస్తుంది, గీతలొస్తాయి, పిండి వస్తుంది. పెద్ద పెద్ద ముక్కలు ఊడిరావడం వేరే పని. దాని గురించి తర్వాత రాస్తాను, కుక్కర్ విజిల్స్ లెక్క తప్పింది.

#4 ఎడిసన్_బాబాయ్

మా న్యూజెర్సీ తెలుగువాళ్ళందరికీ తెలిసిన చోటే చెప్తా. మాన్‌హట్టన్ సెంట్రల్ పార్కులో దక్షిణం వైపు, హెక్షర్ ప్లేగ్రౌండ్ పక్కన అంపైర్ రాక్ అని ఒక పెద్ద బండ ఉంటుంది. పిల్లలు దానిమీద జర్రున జారుతుంటారు, పెద్దవాళ్ళు సెల్ఫీలు తీసుకుంటారు. ఈసారి వెళితే వంగి చూడండి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా గాడులు కనిపిస్తాయి. అవి మంచు గీసిన గీతలే. ఆ రాయి కోట్ల సంవత్సరాల నాటి షిస్టు, గీతలు మాత్రం చివరి హిమయుగానివి, అంటే 20 వేల ఏళ్ళ కిందటి సంగతి.

మా ఆవిడ "రాళ్ళు చూడ్డానికా న్యూయార్క్ వచ్చింది" అంది. పార్కులో ఐస్‌క్రీమ్ కొనిపెట్టి గండం గట్టెక్కా.

#5 కావ్య_రోచెస్టర్

బాబాయ్ గారూ, గీతలు చూడాలని అంత సరదాగా ఉంటే ఒహాయోలో ఈరీ సరస్సులోని కెల్లీస్ దీవికి వెళ్ళండి. సున్నపురాయిలో గాడులు ఏకంగా మనిషి దిగి నిలబడేంత లోతున, 120 మీటర్ల దాకా పొడవున ఉంటాయి. ఆ సున్నపురాయిలో సముద్రపు జీవుల శిలాజాలున్నాయి, గాడి వాటిని కూడా సగానికి కోసుకుంటూ పోయింది. ఇప్పుడు చుట్టూ కంచె వేశారు, పైనుంచి చూడాల్సిందే.

#6 పల్నాటి_పులి

సరే శారద మేడమ్, నీళ్ళు కావాలన్నారు. అంటార్కిటికాలో మైనస్ 50 డిగ్రీలు. అక్కడ అడుగున నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఎవరైనా ట్యాంకర్ పంపిస్తారా?

#7 కావ్య_రోచెస్టర్

ట్యాంకర్ అక్కర్లేదండీ. మైనస్ 50 పైన గాలిలో. కింద సంగతి వేరు.

భూమి లోపలి వేడి నిరంతరం పైకి వస్తూనే ఉంటుంది. రెండు మూడు కిలోమీటర్ల మంచు కప్పి ఉంటే ఆ వేడి బయటికి పోవడానికి చాలా కష్టపడాలి, అడుగునే పేరుకుంటుంది. దానికి తోడు మంచు జారుతుంటే ఒరిపిడితో ఇంకొంత వేడి పుడుతుంది. పైగా ఒత్తిడి పెరిగితే మంచు సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది. రెండు కిలోమీటర్ల మంచు కింద ఆ తేడా ఒకటిన్నర డిగ్రీకి అటూఇటూ ఉంటుంది. చూడటానికి చిన్న అంకె, కానీ అడుగున ఉష్ణోగ్రత అప్పటికే సున్నాకి దగ్గరగా ఉంటే అది చాలు.

రుజువు కావాలంటే వోస్టోక్ సరస్సు ఉంది. దాదాపు 4 కిలోమీటర్ల మంచు కింద, 250 కిలోమీటర్ల పొడవున మంచినీటి సరస్సు! రష్యా వాళ్ళు అక్కడ స్టేషన్ కట్టుకుని భూమ్మీద అతి చలి రికార్డులు రాసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ కాళ్ళ కింద నీళ్ళున్నాయి. అలాంటి సరస్సులు అంటార్కిటికా అడుగున కొన్ని వందలు గుర్తించారు.

#8 ఓరుగల్లు_పిలగాడు

సూపర్ అక్కా. మరి నా రెండో డౌట్? దిగి చూసినవాళ్ళు?

#9 శారద_జియాలజీ

ఉన్నారు బాబూ. నార్వేలో స్వార్టిసెన్ అనే మంచు టోపీ ఉంది, దాని నుంచి దిగే ఒక పాయ పేరు ఎంగాబ్రీన్. దాని కింద కరిగిన నీటిని జలవిద్యుత్తుకి మళ్ళించడానికి కొండ లోపల సొరంగాలు తొలిచారు. ఆ సొరంగాల్ని వాడుకుని 1990ల మొదట్లో మంచు అడుగుకి ఆనుకుని ఒక ప్రయోగశాల పెట్టారు. పైన సుమారు 200 మీటర్ల మంచు. పరిశోధకులు వేడినీళ్ళు చిమ్మి మంచులో చిన్న గుహ కరిగిస్తారు, లోపలికి వెళ్ళి పరికరాలు పెడతారు. గుహని అలా వదిలేస్తే మంచు మెల్లగా కారుతూ దాన్ని మళ్ళీ మూసేస్తుంది. ఇలాంటి చోట పనిచేయాలంటే సైన్సుతోబాటు గుండె కూడా ఉండాలి.

అక్కడ జరిగిన ఒక ప్రయోగం, నేను #3లో ఆపిన ప్లకింగ్ గురించే. మంచు ప్రవాహానికి అడ్డంగా చిన్న మెట్టు లాంటి రాతి దిమ్మ అమర్చారు. దానిలో ముందే ఒక పగులు పెట్టారు. మంచు మెట్టు మీంచి దిగేటప్పుడు వెనకవైపు కాస్త ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో నీళ్ళు నిలుస్తాయి. ఆ నీటి పీడనాన్ని పంపుతో పెంచారు, తర్వాత తగ్గనిచ్చారు. పగులు పెరిగే శబ్దాలు వినడానికి సెన్సర్లు బిగించారు.

పీడనం పెరిగినప్పుడు రాయి విరుగుతుందని మనం అనుకుంటాం కదా. పగులు పెరిగింది పీడనం పడిపోయేటప్పుడు! ఎందుకంటే ఖాళీలో నీళ్ళు నిండి ఉన్నంతసేపూ పై మంచు బరువులో కొంత అవే మోస్తాయి. నీళ్ళు ఒక్కసారిగా తగ్గితే ఆ బరువంతా మెట్టు అంచు మీద పడుతుంది. పగులు లోపలికి చేరిన నీళ్ళు మాత్రం అంత తొందరగా బయటికి రాలేవు, లోపలి నుంచి తోస్తూనే ఉంటాయి. పైనుంచి బరువు, లోపల్నుంచి నీటి తోపు. ముక్క ఊడుతుంది, మంచు దాన్ని పట్టుకుపోతుంది, ఆ ముక్కే ముందుకెళ్ళి ఇంకో బండని గీస్తుంది.

వేసవిలో పగలు ఎండకి పైన మంచు కరిగి నీళ్ళు పగుళ్ళలోంచి అడుక్కి దిగుతాయి, రాత్రికి తగ్గుతాయి. రోజూ ఇదే. పరీక్షలో ప్లకింగ్ గురించి రాసేటప్పుడు "నీటి పీడనంలో హెచ్చుతగ్గులు" అనే మాట తప్పకుండా రాయి. "మంచు రాయిని పెకలించును" అని వదిలేస్తే సగం మార్కులే.

#10 పల్నాటి_పులి

మేడమ్ రిటైర్ అయినా పేపర్లు దిద్దడం మానలేదు.

#11 ఓరుగల్లు_పిలగాడు

రోష్ మూటోనేకి మంచు వచ్చేవైపు నునుపు వాలు, వెళ్ళేవైపు గరుకు నిట్రం ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఎదురువైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి అరుగుతుంది, వెనకవైపు ఖాళీ, నీళ్ళు, పగుళ్ళు కాబట్టి ఊడుతుంది. ఇన్నాళ్ళూ బట్టీ పట్టా.

మరి డ్రమ్లిన్‌కి ఉల్టా ఎందుకుంటుంది? దాంట్లో మంచు వచ్చేవైపే నిట్రంగా ఉంటుంది, వెళ్ళేవైపు తోక సాగుతుంది. ఈ రెండూ తారుమారు చేసే ప్రిలిమ్స్‌లో ఆప్షన్లు ఇస్తారు. చూస్తేనే టెన్షన్.

#12 కావ్య_రోచెస్టర్

ఇది నా ఏరియా, అక్షరాలా. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ నుంచి సిరక్యూస్ దాకా కారులో పోతుంటే రోడ్డుకి అటూ ఇటూ పొడుగాటి మట్టిగుట్టలు వస్తూనే ఉంటాయి. అన్నీ ఇంచుమించు ఉత్తర-దక్షిణాలుగా, ఒకే వరసలో. సుమారు 10 వేల డ్రమ్లిన్లు ఉన్నాయంటారు. పుస్తకాల్లో గుడ్ల బుట్ట అని రాసేది ఇలాంటి చోటునే. ఐర్లండ్ పడమటి తీరంలో క్లూ బే ఉంది, అక్కడ డ్రమ్లిన్లు సముద్రంలో సగం మునిగి దీవులయ్యాయి. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని దీవులని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. బ్రిటన్‌లో వేల డ్రమ్లిన్లని మ్యాపు మీద కొలిచారు. సగటు పొడవు 600 మీటర్ల పైన, వెడల్పు 200 మీటర్ల పైన వచ్చింది.

రోష్ మూటోనే గట్టి బండ, మంచు దాన్ని కోసి వదిలింది. డ్రమ్లిన్ ఎక్కువగా టిల్, అంటే మంచు రుబ్బి ఈడ్చుకొచ్చిన మట్టి, ఇసుక, రాళ్ళు కలిసిన ముద్ద. నీళ్ళతో నానిన టిల్ మంచు కింద తనే కదులుతుంది. 1980ల్లో పశ్చిమ అంటార్కిటికాలో ఒక వేగమైన మంచు ప్రవాహం కింద భూకంప తరంగాలు పంపి చూస్తే కొన్ని మీటర్ల మందాన మెత్తటి, నీళ్ళు నిండిన పొర దొరికింది. మంచు గట్టి నేల మీద జారుతోందన్న అంచనా అక్కడ మారిపోయింది. కింది నేల కూడా మంచుతో కలిసి సాగుతోంది.

సాగే నేల మీద ఎక్కడో చిన్న మిట్ట మొదలైతే మంచు దాని ముందు తోస్తుంది, వెనక మట్టి పేరుకుంటుంది. అందుకే ముందు నిట్రం, వెనక తోక. ఇది ఒక సిద్ధాంతం. ఎదురులేని సిద్ధాంతం కాదు. మంచు కింద మహా వరదలు వచ్చి డ్రమ్లిన్లని తీర్చాయన్నవాళ్ళు ఉన్నారు, చాలామంది ఒప్పుకోలేదు. లోపల అంతకుముందున్న మట్టినే మంచు చెక్కిందన్నవాళ్ళూ ఉన్నారు. కొన్ని డ్రమ్లిన్లని తవ్వితే లోపల వరసగా పేర్చిన ఇసుక, గులకరాళ్ళు కనిపిస్తాయి, కొన్నింటిలో బండ ఉంటుంది, కొన్నింటిలో టిల్ తప్ప ఏమీ లేదు. కాబట్టి అన్నిటికీ ఒకే పుట్టుక చెప్పేవాళ్ళని నేను నమ్మను.

#13 గోదావరిఖని_సీను

అక్కా, ఇవన్నీ మంచు పోయినంక బయటపడ్డవి. తయారవుతుండగా ఎవరైనా పట్టుకున్నారా?

#14 కావ్య_రోచెస్టర్

పట్టుకున్నారు! ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే సీనన్నా.

పశ్చిమ అంటార్కిటికాలో రట్‌ఫర్డ్ అనే మంచు ప్రవాహం ఉంది. రెండు కిలోమీటర్ల పైన మందం, రోజుకి సుమారు మీటరు చొప్పున కదులుతుంది. బ్రిటిష్ వాళ్ళు 1991లో ఒకే గీత వెంట చిన్న చిన్న పేలుళ్ళు చేసి, అడుగు నుంచి తిరిగొచ్చే తరంగాలతో నేల ఆకారం గీశారు. 1997లో అదే గీత మీద మళ్ళీ చేశారు. ఒకచోట నేల సుమారు 6 మీటర్లు కోసుకుపోయింది, అంటే ఏడాదికి మీటరు. 2004లో మళ్ళీ వెళ్ళారు. అదే చోట, 1997లో లేని ఒక గుట్ట కనిపించింది. 10 మీటర్ల ఎత్తు, 100 మీటర్ల వెడల్పు. డ్రమ్లిన్ అనే అనుకోవాలి.

డ్రమ్లిన్లంటే వేల ఏళ్ళ పని అనుకునేవాళ్ళకి ఇది షాకే. ఏడేళ్ళు! మన ఊళ్ళో ఫ్లైఓవర్ ఒకటి పూర్తయ్యేలోపు.

తర్వాత 2019 జనవరిలో అదే రట్‌ఫర్డ్ మీద వేడినీళ్ళతో 2,152 మీటర్ల లోతుకి బొక్క వేసి అడుగుని తాకారు, పరికరాలు దించారు.

#15 ఎడిసన్_బాబాయ్

కావ్యా, నువ్వు ఎస్కర్ల గురించి చెప్పలేదు. విస్కాన్సిన్‌లో మా తమ్ముడి ఇంటి దగ్గర ఒకటుంది, ట్రెయిల్ దాని వీపు మీదే పోతుంది. వంకరటింకరగా, ఎవరో చెరువు కట్ట పోసినట్టు ఉంటుంది. కానీ అది ఒక మిట్ట ఎక్కి దిగుతుంది. నది మిట్ట ఎక్కడమేంటి? నీరు పల్లమెరుగు అని కదా మన సామెత.

#16 కావ్య_రోచెస్టర్

మంచు కింద ఆ సామెత సగమే చెల్లుతుంది బాబాయ్ గారూ.

ఎస్కర్ అంటే మంచు అడుగున సొరంగంలో పారిన నది తన దారిలోనే వదిలిన ఇసుక, గులకరాళ్ళ కట్ట. సొరంగం ఎలా నిలబడుతుందంటే, పారే నీటి ఒరిపిడి వేడికి గోడలు కరుగుతూ వెడల్పవుతుంటాయి, చుట్టూ ఉన్న మంచు కారుతూ మూయాలని చూస్తుంటుంది. రెండూ పోటీ. స్విట్జర్లండ్‌కి చెందిన హాన్స్ రోత్లిస్‌బెర్గర్ 1972లో దీని లెక్క కట్టాడు.

ఆ సొరంగం నిండా నీళ్ళు ఉన్నప్పుడు అది పైపులో ఒత్తిడితో పోయే నీరు. ఒత్తిడి ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకి పోతుంది. ఒత్తిడిని నిర్ణయించేది ప్రధానంగా పైనున్న మంచు మందం. మంచు సాంద్రత నీటికన్నా కొంచెమే తక్కువ కాబట్టి లెక్క వేస్తే మంచు ఉపరితలపు వాలుకి, అడుగు నేల వాలు కన్నా సుమారు 11 రెట్లు ఎక్కువ బలం ఉంటుంది. పైన మంచు ఉత్తరం నుంచి దక్షిణానికి పలచబడుతుంటే, కింద నది కూడా దక్షిణానికే పోతుంది, మధ్యలో చిన్న మిట్ట వచ్చినా ఎక్కేస్తుంది. మంచు పోయాక కట్ట అలా మిట్ట మీద మిగిలిపోతుంది, చూసినవాళ్ళు తల గోక్కుంటారు.

#17 పల్నాటి_పులి

పదకొండు రెట్లా? నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు. రెండో సగం మాత్రం ఇంకా చెల్లుతున్నట్టుంది.

#18 శారద_జియాలజీ

ఎస్కర్లకి ఉపయోగం కూడా ఉంది. స్వీడన్‌లో ఉప్సాలా మీదుగా పోయే ఎస్కర్ దాదాపు 250 కిలోమీటర్ల పొడవు, ఆ ఊరు తాగేనీళ్ళు అందులోంచే తోడుకుంటుంది. నీళ్ళు కడిగి పేర్చిన గులకరాళ్ళు కాబట్టి భూగర్భజలం బాగా నిలుస్తుంది. ఫిన్లండ్ పుంకహార్యులో రెండు సరస్సుల మధ్య సన్నని ఎస్కర్ మీద రోడ్డేశారు. కంకర కోసం తవ్వి పోగొట్టుకున్న ఎస్కర్లూ చాలా ఉన్నాయి. ఇసుక లారీల గోల మనకొక్కళ్ళకే కాదు.

నీళ్ళు ఎక్కడం గురించి కావ్య చెప్పింది కదా, దాన్ని తవ్వడానికి కూడా అన్వయించుకోండి. మామూలు నది సముద్రమట్టం కన్నా చాలా లోతుకి లోయ తవ్వలేదు. హిమానీనదానికి ఆ హద్దు లేదు. కావ్య వాళ్ళ ఊరికి దగ్గర్లో సెనెకా సరస్సు లోతు 188 మీటర్లు. నీటిమట్టం సముద్రమట్టానికి 136 మీటర్ల ఎత్తున ఉంది. అంటే సరస్సు అడుగు సముద్రమట్టానికి 50 మీటర్ల పైన దిగువన. ఇంత లోపలి ప్రాంతంలో! నార్వే సోగ్నెఫ్యోర్డ్ అయితే 1,300 మీటర్ల పైగా లోతు, సముద్రం వైపు మూతి దగ్గర మాత్రం నేల మళ్ళీ పైకి లేచి చాలా తక్కువ లోతుంటుంది. మంచు మధ్యలో మందంగా, వేగంగా ఉన్నచోట లోతుగా తవ్వింది. మూతి దగ్గర పలచబడి, విచ్చుకుని, తేలడం మొదలయ్యాక తవ్వడం ఆగింది. ఆ గోతిలోంచి రుబ్బిన మట్టిని వాలెక్కి బయటికి తోసింది ఒత్తిడి మీదున్న నీళ్ళే.

యు ఆకారపు లోయ అనగానే అందరూ అడ్డుకోత బొమ్మ వేస్తారు. నిలువుకోత వేస్తే హిమానీనదం సంతకం ఇంకా స్పష్టంగా కనబడుతుంది: గొయ్యి, మిట్ట, మళ్ళీ గొయ్యి. ఈ పిల్లలకి సిలబస్‌లో అది లేదు, నాకు ఎప్పుడూ కోపమే.

#19 తిరుమలశెట్టి_వారి_అమ్మాయి

చదువుకున్నవాళ్ళ మధ్య దూరుతున్నా. మేము చార్‌ధామ్ వెళ్ళినప్పుడు గంగోత్రిలో భాగీరథి నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి, అడుగు అస్సలు కనబడదు. మా అత్తగారు చెంబుతో తెచ్చుకున్న నీళ్ళలో కింద మెత్తటి పొడి పేరుకుంది. బురద అనుకున్నాం. శారద గారు #3లో పిండి అన్నది ఇదేనా?

#20 శారద_జియాలజీ

అదేనమ్మా. మీ అత్తగారి చెంబులోది హిమాలయమే. గంగోత్రి హిమానీనదం 30 కిలోమీటర్ల పొడవు, దాని అడుగున రాళ్ళు రాళ్ళని రుబ్బిన పిండి గోముఖ్ దగ్గర నీళ్ళతో బయటికొస్తుంది. చాలా సన్నగా ఉంటుంది కాబట్టి తొందరగా పేరుకోదు, కిలోమీటర్ల దూరం తేలుతూనే పోతుంది.

మళ్ళీ వెళితే లోయని కూడా చూడండి. హర్సిల్ దగ్గర అడుగు వెడల్పుగా, గోడలు నిట్రంగా ఉంటాయి. హిమయుగంలో ఒకప్పుడు గంగోత్రి మంచు గోముఖ్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు కిందికి, ఝాలా దాకా వచ్చింది. దానికి దిగువన లోయ ఇరుకై వి ఆకారంలోకి మారుతుంది, అది నది కోసింది. బస్సులో నిద్రపోకుండా ఉంటే ఆ మార్పు కిటికీలోంచే తెలుస్తుంది.

#21 మోడరేటర్

కేదార్‌నాథ్ 2013 వరద గురించి ఇక్కడ వచ్చిన పోస్టులని వేరే చర్చకి మార్చాను. అది మొరైన్ (హిమానీనదం వదిలిన రాళ్ళూ మట్టీ దిబ్బ) కట్టిన సరస్సు తెగడం, వేరే విషయం. ఇక్కడ మంచు అడుగు సంగతులే మాట్లాడుకుందాం.

#22 ఓరుగల్లు_పిలగాడు

పాత మంచు వదిలిన గుర్తులు ఇప్పుడు జరిగేదానికి పనికొస్తాయా? ఎస్సే పేపర్లో క్లైమేట్‌కి లింకు పెట్టాలి.

#23 కావ్య_రోచెస్టర్

పనికొస్తాయి. అంటార్కిటికాలో థ్వైట్స్ హిమానీనదం ముందు, సముద్రంలో సుమారు 700 మీటర్ల లోతున, 2019లో ఒక రోబో జలాంతర్గామిని తిప్పారు. సముద్రపు నేల మీద వరసగా సన్నని మెట్లలాంటి గట్లు కనిపించాయి, 160 పైన. మంచు అంచు ఆటుపోట్లతో రోజుకోసారి లేచి కూర్చున్నప్పుడల్లా ఒక్కో గట్టు పడిందని 2022లో ప్రచురించిన వ్యాసంలో చెప్పారు. రోజుకో గట్టు కాబట్టి గట్ల మధ్య దూరం కొలిస్తే వేగం వస్తుంది. గత 200 ఏళ్ళలో ఎప్పుడో ఒక ఆరునెలల్లోపు కాలంలో మంచు ఏడాదికి 2 కిలోమీటర్లకి మించిన వేగంతో వెనక్కి తగ్గింది. శాటిలైట్లు ఇటీవల అక్కడ చూసినదానికన్నా అది ఎక్కువ.

శాటిలైట్ రికార్డు కొన్ని దశాబ్దాలదే. అంతకుముందు ఏం జరిగిందో చెప్పాలంటే నేల మీద రాత తప్ప వేరే దారి లేదు.

#24 గోదావరిఖని_సీను

నేనొక మాట చెప్తా. మా నాన్న సింగరేణిలో బోరింగ్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయ్యిండు. "తాల్చీర్ తగిలింది" అనేవాడు చిన్నప్పుడు. బొగ్గు పొరలన్నీ దాటినంక కింద ఆకుపచ్చగా ఉండే రాయి, దాంట్లో గుండ్రాళ్ళు. అది మంచు కాలం నాటిదని మొన్న ఎవరో అన్నరు. నిజమేనా? మా గోదావరిఖనిలో మే నెలలో 46 డిగ్రీలు!

#25 శారద_జియాలజీ

సీనూ, ఈ చర్చ మొదలైనప్పటినుంచీ ఎవరైనా ఈ మాట ఎత్తుతారా అని చూస్తున్నాను.

నిజం. ఒడిశాలో తాల్చేర్ దగ్గర 1856లోనే భూవిజ్ఞానులు బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ ఆ గుండ్రాళ్ళ పొరని చూసి ఇది మంచు పని అన్నారు. ఉష్ణదేశంలో మంచేమిటని అప్పట్లో నమ్మడం కష్టమైంది. అదే పొర గోదావరి లోయలోనూ బొగ్గు రాళ్ళ కింద ఉంది. ఆదిలాబాద్‌కి అవతల, పెన్‌గంగ దాటి చంద్రాపూర్ జిల్లాలో ఇరాయి అనే చోట ఆ గుండ్రాళ్ళ పొర కింద సున్నపురాయి బండ నునుపుదేరి, గీతలతో బయటపడింది. 1870ల్లో భూవిజ్ఞాన సర్వే వాళ్ళు దాన్ని రాసిపెట్టారు. బాబాయ్ గారు సెంట్రల్ పార్కులో చూపించిన గీతలూ అవే జాతి, కాకపోతే ఇవి సుమారు 30 కోట్ల ఏళ్ళ నాటివి. అప్పుడు మన నేల గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగం, అంటార్కిటికాకి ఆనుకుని దక్షిణ ధ్రువం వైపు ఉంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలో కూడా ఇదే వయసు గీతలున్నాయి. ఖండాలు కదిలాయన్నవాళ్ళకి ఇది బలమైన సాక్ష్యమైంది.

మంచు పోయాక అక్కడ చిత్తడి అడవులు పెరిగాయి, అవే మీ నాన్నగారు తవ్వించిన బొగ్గు. తాల్చీర్ తగిలితే ఇక కింద బొగ్గు ఉండదు కాబట్టే ఆ మాట అంత గుర్తుపెట్టుకుని అని ఉంటారు.

#26 గోదావరిఖని_సీను

నాన్నకి చదివి వినిపించిన. "గుండ్రాళ్ళు వస్తే బిట్టు పాడయ్యేది, మంచుకి మా మీదేం పగ" అన్నడు.

#27 ఓరుగల్లు_పిలగాడు

చివరి డౌట్ మేడమ్. గీత అంటే రెండు వైపులకీ గీతే కదా. ఇరాయిలో గానీ న్యూయార్క్‌లో గానీ మంచు ఇటునుంచి అటు పోయిందా, అటునుంచి ఇటా అని ఎలా చెప్తారు?

#28 శారద_జియాలజీ

గీత ఒక్కదానితో చెప్పలేరు. చుట్టూ చూడాలి. ఆ బండే చిన్న రోష్ మూటోనే అయితే ఊడిన వైపు ఏదో చూస్తే చాలు, మంచు అటువైపే పోయింది. గుంతలు, మిట్టలు ఉంటే వాటిలో ఎదురువైపు అరిగి ఉంటుంది, చాటువైపు గరుకు మిగులుతుంది. కొన్నిచోట్ల గట్టి గులక ఒకటి బండలో పొడుచుకొచ్చి, దాని చాటున అరగని తోక మిగులుతుంది, ఆ తోక ఎటుంటే మంచు అటు వెళ్ళింది. ఇవేవీ లేకపోతే పైనున్న గుండ్రాళ్ళని పట్టుకుని, అలాంటి రాయి ఏ దిక్కున దొరుకుతుందో వెతకాలి. నాలుగో పద్ధతికి ఓపిక, బూట్లు రెండూ ఎక్కువ కావాలి.